కీళ్ళవాతం ఉన్నవారికి అంతుచిక్కని దద్దుర్లు: జబ్బు వల్లనా, మందు వల్లనా, మరొకటా?

బనశంకరి_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం, పెళ్ళయినప్పటి నుండి బెంగళూరులో ఉంటున్నాము. నాకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నట్లు తేలి కొన్నేళ్ళు గడిచాయి, ఈ జబ్బుకు చేసే రక్తపరీక్షలు ఆర్.ఎఫ్., యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, డాక్టరు చెప్పిన రోజుల్లో ఫోలిక్ యాసిడ్, రాత్రిపూట హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. ఉదయం లేవగానే ఉండే వేళ్ళ బిగుతు దాదాపుగా పోయింది, ఇంటిపని అంతా చేసుకోగలుగుతున్నాను, కాబట్టి కీళ్ళ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

ఈ వర్షాకాలం మొదలైనప్పటి నుండి మోకాళ్ళ కింద, చీలమండల చుట్టూ చిన్న చిన్న మచ్చలు గుంపులుగా వస్తున్నాయి. దురద పెద్దగా లేదు గాని మంటగా ఉంటుంది. కొన్ని రోజులకు అవి మానినట్లే మాని, గోధుమరంగు మరక వదిలి, పక్కనే కొత్తవి లేస్తున్నాయి. వీధి చివరి క్లినిక్కులో ఎలర్జీ అని సెట్రిజిన్ ఇచ్చారు, ఫలితం లేదు. చర్మవైద్యులేమో ఇది మీ కీళ్ళ జబ్బుకు సంబంధించినది కావచ్చు, కీళ్ళ జబ్బుల వైద్యులకు, అంటే రుమటాలజిస్టుకు, చూపించండి అన్నారు. రుమటాలజిస్టు గారు కీళ్ళు బాగున్నాయి కాబట్టి మళ్ళీ చర్మవైద్యుల దగ్గరికే వెళ్ళమన్నారు. ఇంటర్నెట్టులో ఉన్న బొమ్మలన్నీ తెల్లవారి చర్మం మీద తీసినవి. నా చామనచాయ ఒంటిమీద అటువంటి గులాబీ రంగు ఏదీ కనిపించదు. మీలో ఎవరికైనా ఇటువంటిది వచ్చి ఉంటే, కారణం ఎలా తేలిందో దయచేసి వ్రాయగలరు.

మైలాపూర్_మాస్టారు:

అమ్మా, నాది వేరే కథ అయినా మీకు పనికిరావచ్చునని వ్రాస్తున్నాను. నేను చెన్నైలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. నా వేళ్ళ వాపులను చాలాకాలం రుమటాయిడ్ అనే అనుకున్నారు, కాని నా రక్తంలో ఆర్.ఎఫ్. గాని, యాంటీ సీసీపీ గాని ఎన్నడూ పాజిటివ్ రాలేదు. తలలో పొట్టు రాలుతుంటే చుండ్రు షాంపూలు మార్చుతూ వచ్చాను. ఒక యువ వైద్యురాలు మాత్రం నా చెవుల వెనుక, బొడ్డులో, నడుము కింది చీలికలో చూసి, ఆ తరువాత నా గోళ్ళను వెలుతురుకు పట్టి వాటి మీద సూదితో గుచ్చినట్లున్న గుంటలను చూపించి, ఇది సోరియాసిస్ తాలూకు కీళ్ళవాతం అని తేల్చారు. ఈ జబ్బు ఉన్నవారిలో పదిమందికి సుమారు ఏడుగురికి చర్మం మీద ముందు కనిపించి, కీళ్ళకు తరువాత వస్తుందట. కనిపించే చోట కాక, మనం చూసుకోని చోట దాగి ఉన్నందున ఎవరికీ అనుమానం రాలేదు.

మీ రెండు పరీక్షలూ పాజిటివ్ కాబట్టి మీది సోరియాసిస్ అనడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కాళ్ళు మాత్రమే కాక తల, గోళ్ళు, నోటి లోపల, చెవుల వెనుక కూడా చూడమని అడగండి. మన వాళ్ళు మొహమాటపడి, చూపించవలసినవి చూపించకుండానే బయటికి వచ్చేస్తారు.

హెచ్చెస్సార్_కోడలు:

మా అత్తగారికి కూడా రుమటాయిడే. గత ఏడాది ఆవిడ ముఖమంతా ఎర్రబడి, కనురెప్పలు ఉబ్బి, మెడ దాకా గరుకు దద్దుర్లు వచ్చాయి. ముఖం మీద వచ్చింది కాబట్టి లూపస్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే ఒంటిని దెబ్బతీసే జబ్బు, అయి ఉంటుందని మేమంతా హడలిపోయాము. లూపస్ అనుమానంతో చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష కూడా కొద్దిగా పాజిటివ్ వచ్చింది. చివరకు వీపు మీద పట్టీలు అంటించి ఏది పడదో చూసే ప్యాచ్ టెస్టు చేస్తే అది వయ్యారిభామ మొక్క పడకపోవడం అని తేలింది. ఇక్కడ కాంగ్రెస్ గిడ అంటారు. మా లేఅవుటులో కట్టకుండా వదిలేసిన ప్రతి సైటులోనూ నడుమెత్తున పెరిగి ఉన్నది. ఆవిడ ఉదయపు నడకకు వెళ్ళే దారి అంతా అదే. దారి మార్చి, ఇంటికి రాగానే ముఖం, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాక చాలావరకు తగ్గింది.

అన్నానగర్_చర్మవైద్యుడు:

నమస్కారం. నేను చెన్నైలో చర్మవ్యాధుల వైద్యుడిని. ఇక్కడ ఎవరికీ రోగనిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. కాని మీ వైద్యుడికి మీరు ఏ సమాచారం తీసుకువెళ్తే పని సులువవుతుందో చెప్పగలను.

దద్దురు ఎలా ఉన్నది అన్నదాని కంటే, ఒకే దద్దురు ఎన్ని గంటలు నిలుస్తున్నది అన్నది ఎక్కువ విలువైన సమాచారం. కొత్తగా లేచిన ఒక మచ్చ చుట్టూ బాల్‌పాయింట్ పెన్నుతో గీత గీసి, తేదీ, సమయం వ్రాసుకోండి. మామూలు ఎలర్జీ దద్దురు అయితే ఒక రోజులోపే ఆ గీత లోపలి చర్మం మామూలుగా అయిపోతుంది, కొత్తది మరోచోట లేస్తుంది. గీత లోపల రోజు దాటి నిలిచి, మంట పెట్టి, కమిలిన మరక వదిలితే, చర్మంలోని సన్నని రక్తనాళాల వాపు గురించి ఆలోచించవలసి ఉంటుంది. రెండవది, పలుచని గాజు గ్లాసును మచ్చ మీద నొక్కి చూడండి. గ్లాసు కింద ఎరుపు మాయమైతే అది నాళాల లోపల ఉన్న రక్తం. మాయం కాకపోతే రక్తం నాళం దాటి చర్మంలోకి చేరిందని అర్థం. మన చర్మపు రంగు మీద ఎరుపు ఊదాగానో, బూడిద కలిసిన గోధుమగానో కనిపిస్తుంది కాబట్టి, ఫోటోల కంటే ఈ రెండు పనులే నమ్మదగినవి.

మచ్చలు గ్లాసు కింద మాయం కాకపోతే ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేయించండి, బీపీ చూపించండి. రక్తనాళాల వాపు చర్మానికే పరిమితమా, మూత్రపిండాల దాకా వెళ్ళిందా అన్నది మొదట తేలవలసిన విషయం. అరికాలు తిమ్మిరెక్కడం, నడిచేటప్పుడు పాదం వేలాడటం, గోటి అంచుల్లో నల్లని చుక్కలు, మానని పుండు, పొట్టలో నొప్పి, వీటిలో ఏది ఉన్నా అదే రోజు చెప్పాలి. రుమటాయిడ్ తాలూకు వాస్కులైటిస్, అంటే ఈ రక్తనాళాల వాపు, తరచుగా చాలాకాలంగా జబ్బు ఉండి, పరీక్షలు పాజిటివ్‌గా ఉన్నవారిలో, అదీ కీళ్ళ వాపులు చల్లబడిన తరువాత వస్తుంది. కీళ్ళు బాగున్నాయి కాబట్టి చర్మానికీ జబ్బుకూ సంబంధం లేదు అనే మాట అందువల్ల ప్రతిసారీ నిలవదు. అలాగని ఇటువంటి మచ్చలన్నిటికీ రుమటాయిడే కారణమని కూడా అనలేము. మందులు, హెపటైటిస్ బి, సి, మొన్న మొన్న వచ్చిపోయిన గొంతునొప్పి కూడా ఇదే రూపంలో బయటపడగలవు.

మీకు బయాప్సీ చేయాలని చెబితే భయపడకండి. ఆ చోటుకు మాత్రం మత్తు ఇచ్చి, సుమారు 4 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకటో రెండో కుట్లు వేస్తారు. కొత్తగా, ఒకటి రెండు రోజుల లోపు లేచిన మచ్చ నుండి తీయించుకోవాలి. ముదిరిన మరక నుండి తీస్తే ఏమీ తేలదు. ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే రెండవ పరీక్షకు తీసే ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, దానికి వేరే ద్రావణం ఉంటుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఈ విషయం అందరికీ తెలుసు, చిన్న క్లినిక్కు నుండి ల్యాబుకు పంపేటప్పుడే పొరపాట్లు జరుగుతుంటాయి, కాబట్టి ఒక మాట అడగడంలో తప్పు లేదు. అంతవరకు ఆ మచ్చల మీద ఏ స్టెరాయిడ్ క్రీమూ పూయవద్దు.

హెచ్చెస్సార్_కోడలు గారూ, మీ అత్తగారి విషయంలో ఒక్క మాట. లూపస్ దద్దురు బుగ్గల మీద, ముక్కు మీద ఉండి, ముక్కు పక్క నుండి పెదవి చివరకు దిగే మడతను సాధారణంగా వదిలేస్తుంది. గాలిలో ఎగిరే మొక్కల పుప్పొడి, ధూళి వల్ల వచ్చేది ఆ మడతనూ వదలదు, పై కనురెప్పలనూ, చెవుల వెనుకనూ, గడ్డం కిందనూ వదలదు. ఎండ తగలని చోటికి కూడా గాలి తగులుతుంది కదా. ఏఎన్ఏ కొద్దిగా పాజిటివ్ రావడం రుమటాయిడ్ ఉన్నవారిలోనూ, ఏ జబ్బూ లేనివారిలోనూ మామూలే.

బనశంకరి_వాసి:

డాక్టరు గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే చేశాను. గ్లాసు నొక్కితే మచ్చ రంగు మాయం కాలేదు. గీత గీసిన మచ్చ మర్నాడూ అలాగే ఉన్నది, ఆపైన కూడా ఉన్నది. తిమ్మిర్లు లేవు, పొట్టనొప్పి లేదు, జ్వరం లేదు. మూత్రం, బీపీ రెండూ ఈ వారంలోనే చూపిస్తాను. కొత్త మందులేవైనా వాడారా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే కూడా నాకు తోచేది ఒక్కటే, వర్షాకాలం మొదట్లో మూత్రంలో మంట వస్తే మందుల షాపులో అడిగి ఏవో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకున్నాను. వాటి స్ట్రిప్పు ఇంకా ఉన్నదేమో వెతకాలి.

మార్తహళ్ళి_ఫార్మసిస్టు:

అమ్మా, ఆ స్ట్రిప్పు తప్పకుండా వెతకండి. మూత్రంలో మంటకు తరచుగా ఇచ్చే కోట్రైమాక్సజోల్ అనే మందును మెథోట్రెక్సేట్ తీసుకునేవారు వాడకూడదు. రెండూ ఫోలేట్‌ను అడ్డుకునేవే కాబట్టి, కలిసినప్పుడు ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గి కాళ్ళ మీద ఇటువంటి చుక్కలే రావచ్చు. మీకు అలా జరిగిందని అనడం లేదు, కాని పూర్తి రక్తపరీక్ష ఇటీవల చేయించుకోకపోతే రేపే చేయించుకోండి. నోటిపూత ఉన్నదా అన్నది కూడా చూసుకోండి.

ఇక అందరికీ పనికివచ్చే విషయం. నేను మందుల కౌంటరు వెనుక చాలాకాలంగా ఉన్నాను. దద్దుర్లతో వచ్చినవారిని నేను మొదట అడిగేది ఏ మందు అని కాదు, ఎప్పుడు మొదలుపెట్టారని. కీళ్ళవాతానికి ఇచ్చే సల్ఫాసలజీన్ మొదలుపెట్టిన రెండు నుండి ఎనిమిది వారాల మధ్య జ్వరం, ముఖం ఉబ్బడం, మెడలోనో చంకల్లోనో బిళ్ళలు కట్టడం, ఒళ్ళంతా దద్దుర్లు వస్తే అది మామూలు ఎలర్జీ కాదు. వైద్యులు దానిని డ్రెస్ సిండ్రోమ్ అంటారు; రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి, కాలేయం దెబ్బతింటుంది. అటువంటప్పుడు మందు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి, అపాయింట్‌మెంటు దొరికేదాకా ఆగకూడదు. నోటిలో, కళ్ళల్లో, మర్మావయవాల్లో పొక్కులు వచ్చినా, చర్మం పొరలుగా ఊడినా ఇదే మాట. సల్ఫాసలజీన్‌ను 1940 ప్రాంతంలో స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ కీళ్ళవాతం కోసమే తయారు చేయించారు. సల్ఫా మందునూ సాలిసిలేట్‌నూ కలిపినది అది. అందువల్ల సల్ఫా పడదని తెలిసినవారు దానిని తీసుకోకూడదు, ఆ సంగతి మొదటిరోజే డాక్టరుకు చెప్పాలి.

కీళ్ళవాతానికే ఇచ్చే లెఫ్లూనోమైడ్ సంగతి మరొకటి. దద్దుర్లు వచ్చి మాత్ర ఆపేసినా, అది పేగుల నుండి మళ్ళీ రక్తంలోకి చేరుతూ నెలల తరబడి, కొందరిలో రెండేళ్ళ దాకా ఒంట్లో ఉంటుంది. త్వరగా బయటికి పంపాలంటే కొలెస్టిరమిన్ పొడి ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా నెమ్మదిగానే పోతుంది, కాబట్టి ఆపిన వారానికి దద్దురు తగ్గలేదు, మందు కారణం కాదన్నమాట అని తీర్మానించుకోకూడదు. చాలాకాలం వాడినవారిలో కొందరికి మోకాలి కింది ముందుభాగం నీలి నలుపుగా మారుతుంది. అది దద్దురు కాదు, రంగు మాత్రమే.

మెథోట్రెక్సేట్ విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. వారానికి ఒకసారి వేసుకోవలసిన మాత్రను రోజూ వేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. చీటీ మీద మాత్ర వేసుకోవలసిన రోజు పేరు తెలుగులోనో కన్నడంలోనో వ్రాసి ఇవ్వమని అడగండి. మా షాపులో మేము డబ్బా మీద పెద్ద అక్షరాలతో వ్రాసే ఇస్తాము. రోజూ వేసుకుంటే నోరంతా పూసి, చర్మం పుండ్లు పడి, ప్రాణం మీదకు వస్తుంది.

ఏ మందు మీదనైనా అనుమానం కలిగితే వైద్యుడి ద్వారా గాని, మీరే స్వయంగా గాని మందుల దుష్ఫలితాలను నమోదు చేసే దేశీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. ఉచిత నంబరు 1800-180-3024.

వడపళని_అన్నయ్య:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, విషయం దగ్గరిదే. మా తమ్ముడు ఇక్కడ చెన్నైలో ఇంజనీరింగు చదువుతున్నాడు. కొన్ని వారాలుగా సాయంత్రం అయ్యేసరికి జ్వరం 102, 103 దాకా పెరిగి, తెల్లవారేసరికి మామూలవుతుంది. మణికట్లు, మోకాళ్ళు వాచాయి, గొంతు నొప్పి తగ్గడం లేదు. డెంగీ, టైఫాయిడ్, మలేరియా ఏదీ లేదన్నారు. జ్వరం వచ్చినప్పుడు ఛాతీ మీద, చేతుల మీద ఏదో లేత ఎరుపు కనిపిస్తుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఏమీ ఉండదు. ఆర్.ఎఫ్., ఏఎన్ఏ నెగటివ్. కీళ్ళవాతం కాదని చెప్పి యాంటీబయాటిక్ మార్చారు.

అన్నానగర్_చర్మవైద్యుడు:

జ్వరంతో వచ్చి జ్వరంతో పోయే దద్దురు అనగానే మాకు ఒక పేరు గుర్తుకు వస్తుంది: స్టిల్స్ డిసీజ్. పిల్లల్లో ఇటువంటి కీళ్ళ జబ్బును జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1897లో వర్ణించారు. అదే పెద్దవారిలో కూడా వస్తుందని ఎరిక్ బైవాటర్స్ 1971లో 14 మంది రోగుల గురించి వ్రాసి చూపించారు. ఇందులో ఆర్.ఎఫ్., ఏఎన్ఏ నెగటివ్‌గా ఉండటమే రివాజు, కాబట్టి అవి నెగటివ్ అని దీనిని కొట్టిపారేయలేము. తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, బాగా పెరుగుతాయి. ఫెరిటిన్, అంటే ఇనుమును నిలవ ఉంచే ప్రోటీను, రక్తంలో మామూలు పరిమితికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే ఫెరిటిన్ పెరగగానే స్టిల్స్ అనుకోకూడదు. క్షయ, ఇతర ఇన్‌ఫెక్షన్లు, లింఫోమా అనే క్యాన్సరు కాదని తేల్చుకున్న తరువాతే ఈ పేరు పెట్టాలి. అందుకే వైద్యులు తొందరపడరు.

దద్దురు డాక్టరుకు కనిపించకపోవడం ఈ జబ్బులో మామూలే. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు, ట్యూబ్‌లైటు కింద కాక పగటి వెలుతురు దగ్గరలో, చొక్కా విప్పించి పొట్ట, చంకలు, నడుము పట్టీ తగిలే చోటు చూడండి. ఒత్తిడి, రాపిడి తగిలిన చోట ఎక్కువగా లేస్తుంది. అదే నిమిషంలో ఫోటో తీసి, పక్కన థర్మామీటరు కూడా కనిపించేలా పెట్టండి. ఆ ఒక్క ఫోటో మీ డాక్టరుకు పది మాటల పెట్టు. జ్వరం దిగకుండా నిలిచిపోవడం, మగతగా ఉండటం, రక్తకణాలు ఒక్కసారిగా పడిపోవడం జరిగితే మాత్రం ఇంట్లో ఉంచవద్దు. రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉన్నది, సెంట్రల్ స్టేషను ఎదురుగానే.

తాంబరం_అత్తమ్మ:

డాక్టరు గారూ, చికున్‌గున్యా సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వదినకు జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిపోయిన తరువాత కీళ్ళు నెలల తరబడి వాచి ఉన్నాయి, రుమటాయిడ్ అన్నారు. ముక్కు మీద నల్లని మచ్చలు ఇంకా ఉన్నాయి.

అన్నానగర్_చర్మవైద్యుడు:

మంచి మాట గుర్తుచేశారమ్మా. చికున్‌గున్యాను 1952లో టాంజానియా ప్రాంతంలో గుర్తించారు. మన చెన్నైలో 1964లోనే పెద్దగా వ్యాపించింది, మళ్ళీ 2006లో ఆంధ్రను, కర్ణాటకను, తమిళనాడును చుట్టబెట్టింది. ముక్కు మీద నల్లటి చుక్కలు దాని ఆనవాలే. కీళ్ళ నొప్పులు నెలలు, కొందరికి ఏడాది దాటి ఉండి, అచ్చం రుమటాయిడ్ లాగే చేతుల చిన్న కీళ్ళకు రెండు వైపులా వస్తాయి. యాంటీ సీసీపీ నెగటివ్‌గా ఉండి, ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు లేకపోతే, జీవితకాలపు జబ్బని పేరు పెట్టే ముందు కొంత ఆగడం న్యాయం. కొద్దిమందిలో మాత్రం నిజంగానే రుమటాయిడ్ మొదలవుతుంది, అందుకని చూపించుకోవడం మానవద్దు.

యశ్వంతపూర్_మిత్రుడు:

ఇంగ్లీషు మందులన్నీ వేడి చేస్తాయి, దద్దుర్లకు అదే కారణం. వంకాయ, గోంగూర, చేపలు మానేసి, మా ఊరి వైద్యుడి దగ్గర దొరికే పొడి మండలం రోజులు తింటే కీళ్ళూ, చర్మమూ రెండూ నయమవుతాయి. మా మామయ్య మెథోట్రెక్సేట్ ఆపేసి హాయిగా ఉన్నారు. కావలసినవారు నాకు సందేశం పంపండి.

మార్తహళ్ళి_ఫార్మసిస్టు:

మిత్రమా, వంకాయ మానితే ఎవరికీ నష్టం లేదు, మానినా మానకపోయినా వారి ఇష్టం. పొడి సంగతి వేరు. లేబులు లేని కీళ్ళ పొడులలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కలిపి అమ్మడం, పాదరసం, సీసం ఉండటం పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమై, ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగితే ఆ పొడిలో ఏమి ఉన్నదో ఊహించుకోవచ్చు. దద్దుర్లకు కారణం వెతుకుతున్న మనిషి తెలియని మందును ఇంకొకటి చేర్చుకుంటే వెతకడం ఇంకా కష్టమవుతుంది. మీ మామయ్యగారి కీళ్ళకు ఒకసారి ఎక్స్‌రే తీయించండి; నొప్పి లేకుండానే ఎముక అరిగే సందర్భాలున్నాయి.

నిర్వాహకులు:

మందుల అమ్మకాలకు, వ్యక్తిగత సందేశాల ఆహ్వానాలకు ఈ చర్చలో అనుమతి లేదు. పథ్యం గురించి వేరే చర్చ ఉన్నది, అక్కడ కొనసాగించగలరు.

కోరమంగళ_ఉద్యోగి:

నా అనుభవం తిరకాసుగా ఉంటుంది. నాకు వెన్నుపూసల వాతం, అంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. అడాలిముమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొన్ని నెలలకు అరచేతుల్లో, అరికాళ్ళలో చీము పొక్కులు లేచి, ఎండి, తోలు ఊడసాగింది. సోరియాసిస్‌కు వాడే మందే కొందరిలో సోరియాసిస్ తెప్పిస్తుందట. చర్మం మీద పూత మందులతో సరిపెట్టి కొంతకాలం చూశారు, ఆ తరువాత వేరే వర్గం ఇంజెక్షనుకు మార్చారు. ఇప్పుడు రెండూ అదుపులో ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ అనుకుని నేనే ఆపేసి ఉంటే నడుము మళ్ళీ బిగుసుకుపోయేది.

మరొకటి. నాకు ఆసుపత్రిలో కలిసే ఒక పెద్దాయన కీళ్ళవాతానికి టోఫాసిటినిబ్ మాత్రలు వాడుతుండగా ఛాతీకి ఒక పక్క మాత్రమే పట్టీలా పొక్కులు వచ్చి, పూతమందులు రాసుకుంటూ కూర్చున్నారు. అది సర్పి. ఆ మాత్రలు వాడేవారికి సర్పి రావడం ఎక్కువ. వైరస్‌ను అణిచే మాత్రలు మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఆయన అంతకన్నా ఆలస్యంగా వెళ్ళారు. 2023 నుండి మన దేశంలో దొరుకుతున్న సర్పి టీకా బ్రతికి ఉన్న వైరస్‌తో చేసినది కాదు కాబట్టి మా వంటివారు కూడా వేయించుకోవచ్చునని మా డాక్టరు చెప్పారు. ఖరీదైనదే, రెండు మోతాదులు వేయించుకోవాలి.

మైలాపూర్_మాస్టారు:

చెన్నైవాసిగా నా వంతు ఒక మాట. ఇక్కడి ఉక్కకు తొడల మధ్య, నడుము చుట్టూ తామర రానివారు తక్కువ. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడే మనకు అది ఇంకా సులువుగా పాకుతుంది. మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే గొట్టంలో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. రెండు రోజులు దురద తగ్గుతుంది, లోపల తామర మాత్రం విస్తరిస్తుంది. అంచులు చెరిగిపోయి, ఇక ఏ డాక్టరు చూసినా అదేమిటో గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది. స్టెరాయిడ్ క్రీములను 2018లో ప్రభుత్వం చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూలు హెచ్ మందుల్లో చేర్చింది, అయినా అడిగితే దొరకని వీధి నాకు కనిపించలేదు.

అన్నానగర్_చర్మవైద్యుడు:

మాస్టారి మాటకు ఒకటి చేరుస్తాను. గోకి తీసిన పొట్టును మైక్రోస్కోపు కింద చూస్తే తామర అవునో కాదో క్లినిక్కులోనే తేలుతుంది. ఇంకొకటి, మన దేశంలో ఎన్నడూ మరచిపోకూడనిది కుష్ఠు. స్పర్శ తెలియని మచ్చలు, నొప్పితో కూడిన ఎర్రటి గడ్డలు, జ్వరం, కీళ్ళ వాపులు కలిసి వచ్చి, ఆర్.ఎఫ్. కూడా పాజిటివ్ అయ్యి, రుమటాయిడ్ అన్న పేరుతో తిరుగుతున్నవారిని నేను చూశాను. దూదితో మచ్చ మీద తాకి చూడటానికి ఒక నిమిషం పడుతుంది. ఇది చికిత్సతో నయమయ్యే జబ్బు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

హెచ్చెస్సార్_కోడలు:

ఎండ సంగతి కూడా అడగాలి. మా ఆడపడుచుకు లూపస్ ఉన్నది. బెంగళూరు ఎండ చల్లగానే ఉంటుంది కదా అని గొడుగు లేకుండా తిరుగుతుంది.

అన్నానగర్_చర్మవైద్యుడు:

గాలి చల్లగా ఉంటుంది, అతినీలలోహిత కిరణాలు కాదు. మీ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగేకొద్దీ అవి ఎక్కువవుతాయి, వేయి మీటర్లకు సుమారు పదో వంతు. చెన్నైలో ఉక్కపోతకు భయపడి నీడ పట్టున ఉంటారు, బెంగళూరులో ఆ భయం లేక ఎక్కువసేపు ఎండలో ఉంటారు. చేతుల పైభాగంలో దద్దురు వస్తే వేళ్ళ కణుపుల మీద ఉన్నదా, కణుపుల మధ్య ఉన్నదా గమనించమనండి. లూపస్‌లో తరచుగా కణుపుల మధ్య వస్తుంది. సరిగ్గా కణుపుల మీద ఊదారంగులో వచ్చి, మెట్లెక్కడం, జడ వేసుకోవడం కష్టమైతే అది కండరాల జబ్బు, డెర్మటోమయోసైటిస్, కావచ్చు.

బనశంకరి_వాసి:

అందరికీ మళ్ళీ నమస్కారం. స్ట్రిప్పు దొరికింది, అది కోట్రైమాక్సజోల్ కాదు, నైట్రోఫ్యురాంటోయిన్. రక్తకణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయి. మూత్రంలో ప్రోటీను లేదు, రక్తకణాలు లేవు. కొత్తగా లేచిన మచ్చ నుండి బయాప్సీ చేశారు. ల్యూకోసైటోక్లాస్టిక్ వాస్కులైటిస్, అంటే చర్మంలోని సన్నని రక్తనాళాల వాపు, అని వచ్చింది. చర్మవైద్యులు, రుమటాలజిస్టు ఇద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఆ యాంటీబయాటిక్ కావచ్చు, రుమటాయిడే కావచ్చు అంటున్నారు. మాత్రలు ఎప్పుడో ఆపేసినా కొత్త మచ్చలు ఇంకా లేస్తున్నందున రెండవదాని వైపు కొంచెం మొగ్గుతున్నారు. హెపటైటిస్ బి, సి, రక్తంలోని సీ3, సీ4 అనే రక్షణ ప్రోటీన్లు, చల్లబడితే గడ్డకట్టే క్రయోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్లు, వీటికి పరీక్షలు వ్రాశారు. క్రయోగ్లోబ్యులిన్‌కు ఇంటికి వచ్చి రక్తం తీసుకుంటామని ఒక ల్యాబు వారు చెబుతున్నారు, అలా ఇవ్వవచ్చునా?

మార్తహళ్ళి_ఫార్మసిస్టు:

ఇంటి దగ్గర ఇవ్వకండి. ఆ రక్తాన్ని వెచ్చని గొట్టంలోకి తీసి, గడ్డకట్టి సీరం వేరు చేసేదాకా 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. దారిలో చల్లబడితే వెతుకుతున్న ప్రోటీన్లు గడ్డలోనే చిక్కుకుపోయి, ఉన్నా లేనట్లు ఫలితం వస్తుంది. ఆ పరీక్షను తమ దగ్గరే చేసే పెద్ద ఆసుపత్రి ల్యాబుకు స్వయంగా వెళ్ళి, వెచ్చని నీటిలో గొట్టం ఉంచుతారా అని అడిగి ఇవ్వండి. ఆ తరువాత వారు సీరాన్ని కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి చూస్తారు, కాబట్టి ఫలితం వెంటనే రాదు.

అన్నానగర్_చర్మవైద్యుడు:

మూత్రం శుభ్రంగా ఉండటం మంచి వార్త, కాని ఒక్కసారితో సరిపెట్టవద్దు. మచ్చలు లేస్తున్నంతకాలం, ఆ తరువాత కొన్ని నెలలు మీ వైద్యులు చెప్పిన వ్యవధిలో చేయిస్తూ ఉండండి. ఎక్కువసేపు నిలబడి వంట చేయడం తగ్గించి, కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోండి. నిలబడినప్పుడు కింది కాళ్ళ నాళాల్లో ఒత్తిడి పెరిగి మచ్చలు ఎక్కువవుతాయి. మెథోట్రెక్సేట్‌ను మీ అంతట మీరు ఆపవద్దు.

బనశంకరి_వాసి:

అలాగే చేస్తాను డాక్టరు గారూ. సోమవారం ఉదయం ల్యాబుకు వెళ్తున్నాను. సీ3, సీ4 ముందుగా వస్తాయన్నారు, రాగానే ఇక్కడే వ్రాస్తాను. వడపళని_అన్నయ్య గారూ, మీ తమ్ముడి ఫెరిటిన్ చేయించారా?

వడపళని_అన్నయ్య:

ఇచ్చామండీ, ఫలితం రేపు సాయంత్రం వస్తుందన్నారు. నిన్న రాత్రి జ్వరం 103 ఉన్నప్పుడు చంక కింద దద్దురు స్పష్టంగా కనిపించింది, థర్మామీటరుతో సహా ఫోటో తీశాను. ఎల్లుండి రుమటాలజీ ఓపీకి తీసుకువెళ్తున్నాము.